తిరుపతి చలిలో గినీ పిగ్‌ను బయట ఉంచవచ్చా?

ధనుర్మాసం వచ్చేసరికి తిరుపతిలో తెల్లవారుజామున పాల ప్యాకెట్టు కోసం వీధి చివరి దాకా వెళ్లేవారు కూడా తలకు మఫ్లరు చుట్టుకుంటారు. అదే ఇంటి బాల్కనీలోనో, మిద్దె మీదనో, పెరట్లో జామచెట్టు కిందనో జాలీ గూట్లో రెండు గినీ పిగ్‌లు ముడుచుకుని ఉంటాయి. పిల్లలు ముచ్చటపడి అడిగితే కొనిచ్చినవి. వాటికి చలి వేస్తుందా? ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే "ఒంటినిండా బొచ్చు ఉంది కదా, దానికేం చలి" అంటారు. ఫోనులో వెతికితే పదిహేను డిగ్రీల కన్నా తగ్గితే లోపలికి తీసుకురావలసిందే అన్న హెచ్చరిక కనిపిస్తుంది. అమ్మిన దుకాణదారు గూటి మీద గోనెసంచి కప్పితే చాలంటాడు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది, ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదు. వాటిలో ఒకదాన్నే పట్టుకున్నవారి ఇళ్లలోనే ఈ జంతువులు ఎక్కువగా జబ్బు పడతాయి.

ఇది థర్మామీటరు అంకెతో తేలే విషయం కాదు. జంతువు ఒంట్లో పుట్టే వేడికీ, ఒంటి నుంచి పోయే వేడికీ మధ్య జమాఖర్చు ఒకటి నడుస్తూ ఉంటుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఆ జమాఖర్చును తలకిందులు చేసేది చాలాసార్లు చలి కాదు, తడి. ఆ లెక్క అర్థమైతే ఎవరి ఇంటికి ఏది సరిపోతుందో వారికే తెలుస్తుంది.

ఈ జంతువు ఎక్కడిది, ఎలా పెరిగింది

పేరులో పిగ్ ఉన్నా ఇది పంది కాదు, పేరులో గినీ ఉన్నా ఆఫ్రికాది కాదు. ఎలుక, ఉడుత లాగే ఇదీ కొరికి తినే జంతువుల జాతికి చెందినది. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. ఇప్పటి పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశాల కొండ ప్రజలు దీన్ని వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసుకున్నారు. మనం కోళ్లను పెంచుకున్నట్టు వారు ఇప్పటికీ మాంసం కోసం దీన్ని పెంచుతారు. అక్కడి వారు దీన్ని కూయ్ అంటారు. పెద్దదైతే దాదాపు 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా తూగుతుంది. బాగా చూసుకుంటే ఐదు నుంచి ఏడేళ్లు బతుకుతుంది.

బయట ఉంచవచ్చనే వారు తరచూ చెప్పే మాట ఇక్కడి నుంచే వస్తుంది. దీని అడవి బంధువులు నాలుగు వేల మీటర్ల ఎత్తున, రాత్రి నీరు గడ్డకట్టే చోట కూడా బతుకుతాయి, అలాంటి జాతికి తిరుపతి చలి ఒక లెక్కా అని. మాట నిజమే. అయితే ఆ అడవి జంతువులు గుంపుగా, దట్టమైన గడ్డిలో సొరంగాల్లాంటి దారులు చేసుకుని, నేలలోని బొరియల్లో తల దాచుకుని బతుకుతాయి. జాలీ గూట్లో ఒంటరిగా కూర్చోవు. ఇక మచ్చికైన కూయ్‌ను ఆండీస్ పల్లెల్లో సంప్రదాయంగా ఎక్కడ పెంచారో తెలుసా? వంటింట్లో. పొయ్యి పక్కన, వెచ్చటి నేల మీద, కూరగాయల తొక్కలు తింటూ అది మనుషుల కాళ్ల మధ్య తిరిగేది. చలిదేశపు జంతువే, కానీ ఆ చలిదేశపు మనుషులే దాన్ని ఇంట్లో పెట్టుకున్నారు. ఆండీస్ పేరు చెప్పి వాదించేవారు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు.

పదిహేను డిగ్రీల నియమం మనకు వర్తిస్తుందా

అందరూ చెప్పే 15 డిగ్రీల అంకె ప్రధానంగా బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడి జంతు సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ, ఉష్ణోగ్రత 15 డిగ్రీల కన్నా తగ్గితే గినీ పిగ్‌లను లోపల ఉంచాలని చెబుతుంది. ప్రయోగశాలల్లో జంతువుల సంరక్షణకు అమెరికాలో ప్రామాణికంగా వాడే మార్గదర్శకాలు మరో అంకె చెబుతాయి. వాటి ప్రకారం ఎలుకలకూ గినీ పిగ్‌లకూ గది ఉష్ణోగ్రత 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. అదే పత్రంలో కుందేళ్లకు 16 నుంచి 22 అని ఉంటుంది. ఈ తేడా గమనించదగినది. మన దగ్గర కుందేలునూ గినీ పిగ్‌నూ ఒకే గాటన కట్టడం, ఒకే గూట్లో పెట్టడం కూడా మామూలే. కుందేలు తట్టుకునే చలి గినీ పిగ్‌కు ఎక్కువవుతుంది.

అయితే 15 అన్నది గీత గీసినట్టు ప్రాణాపాయం మొదలయ్యే చోటు కాదు. బ్రిటన్ శీతకాలంలో ఉష్ణోగ్రత ఒకసారి 15 కిందికి వెళ్లిందంటే నెలల తరబడి అక్కడే ఉంటుంది, పగలు కూడా పెద్దగా లేవదు. మన దగ్గర అలా జరగదు. తిరుపతిలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాము కనిష్ఠం సాధారణంగా 17 నుంచి 20 మధ్య ఉంటుంది, మధ్యాహ్నానికి 28, 30 దాకా లేస్తుంది. అంటే ఆ నియమాన్ని అక్షరాలా తీసుకుంటే తిరుపతి ఊళ్లో చలి రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా ఉండకపోవచ్చు.

కానీ ఉమ్మడి చిత్తూరు జిల్లా అంతా ఒకే ఎత్తులో లేదు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే, మదనపల్లె దాదాపు 700 మీటర్లు, హార్సిలీ హిల్స్ 1,265 మీటర్లు. తిరుపతి మీద కనిపించే తిరుమల కూడా దానికన్నా ఏడు వందల మీటర్ల పైచిలుకు ఎత్తు. వెయ్యి మీటర్లు పైకి వెళితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన తిరుపతిలో 18 ఉన్న తెల్లవారుజామున కొండ మీద 13, 14 ఉండవచ్చు. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు పడమటి మండలాల్లో చలికాలపు రాత్రి 15 కిందికి దిగడం మామూలు విషయమే. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్ల జాబితాలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు తరచూ వినిపించేది అందుకే. తిరుపతిలోని బంధువు "మేం బయటే ఉంచాం, ఏమీ కాలేదు" అన్నాడని మదనపల్లెలో అదే పని చేయడం సరికాదు.

వేడి జమ, వేడి ఖర్చు

గినీ పిగ్ సాధారణ శరీర ఉష్ణోగ్రత 37 నుంచి 39.5 డిగ్రీల మధ్య ఉంటుంది. బయట ఎంత ఉన్నా ఒంట్లో దాన్ని నిలబెట్టుకోవాలి. ఇది చలికాలమంతా నిద్రపోయే జంతువు కాదు. ఒళ్లు చల్లబడి కదలకుండా పడి ఉందంటే అది నిద్ర కాదు, ప్రాణం మీదికి వచ్చినట్టు.

ఖర్చు వైపు ముందు చూద్దాం. మన ప్రాంతంలో ఇంటింటా పాడి ఆవు ఉంటుంది. పుష్యమాసపు చలిలో ఆవు కొట్టంలో నిలబడి నెమరు వేసుకుంటుంది, ఎవరూ దాని గురించి బెంగపడరు. దూడకు మాత్రం గోనెపట్టా కప్పుతారు. కారణం రైతుకు అనుభవంతో తెలుసు: చిన్న ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. లెక్క వేసి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. వేడి చర్మం మీదుగా బయటికి పోతుంది, బరువుతో పాటు పుడుతుంది. 400 కిలోల ఆవునూ ఒక కిలో గినీ పిగ్‌నూ పోలిస్తే, కిలో బరువుకు ఎంత చర్మం బయటికి తెరిచి ఉందన్న లెక్కలో గినీ పిగ్‌ది ఏడు రెట్లు ఎక్కువ. పుట్టిన పిల్ల 80 గ్రాములు ఉందనుకుంటే, దానిది తల్లికన్నా మళ్లీ రెండు రెట్లకు పైగా ఎక్కువ. గినీ పిగ్ పిల్లలు పుట్టినప్పుడే కళ్లు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో, గంటల్లోనే పరుగెత్తుతాయి. ఆ చురుకు చూసి గట్టివని అనుకుంటాం గానీ చలి విషయంలో అందరికన్నా బలహీనమైనవి అవే.

ఇక తడి సంగతి. ఒక గ్రాము నీరు ఆరి ఆవిరి కావాలంటే సుమారు 0.58 కిలో కేలరీల వేడి కావాలి. జడివానలో జల్లు కొట్టి 900 గ్రాముల గినీ పిగ్ బొచ్చులోకి 20 గ్రాముల నీరు చేరిందనుకుందాం. నాలుగు చెంచాల నీళ్లు, అంతే. అది పూర్తిగా ఆరడానికి పదకొండు, పన్నెండు కిలో కేలరీలు కావాలి. క్షీరదాలన్నిటికీ వాడే స్థూల సూత్రం ప్రకారం, ఆ బరువున్న జంతువు విశ్రాంతిలో గంటకు పుట్టించే వేడి దాదాపు 2.7 కిలో కేలరీలు. అంటే ఆ కాస్త తడిని ఆర్చడానికి నాలుగు గంటలకు పైగా దాని ఒంట్లో పుట్టే వేడి మొత్తం ఖర్చవుతుంది. అందులో కొంత వేడి చుట్టూ ఉన్న గాలి నుంచి వస్తుందనుకుని సగమే లెక్కేసినా రెండు గంటల సంపాదన పోయినట్టే. పైగా తడిసిన బొచ్చులో గాలి నిలవదు. బొచ్చు వెచ్చదనం ఇచ్చేది వెంట్రుకల మధ్య నిలిచిన గాలి వల్ల. అది పోతే బొచ్చు ఉన్నా లేనట్టే. ఒంటినిండా బొచ్చు ఉందన్న పెద్దల మాట పొడి రాత్రికి సరిపోతుంది, తడి రాత్రికి సరిపోదు.

ఇందుకే తిరుపతిలో అసలు ప్రమాదకరమైన కాలం జనవరి కన్నా నవంబరు, డిసెంబరు అని నా అభిప్రాయం. ఈశాన్య రుతుపవనాలు మనకు వాన తెచ్చేది అప్పుడే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అలాంటప్పుడు థర్మామీటరు 21 చూపిస్తూనే ఉంటుంది. కానీ గాలి ఈడ్చి కొడుతుంది, జల్లు పక్కవాటుగా గూట్లోకి వస్తుంది, కింద పరిచిన గడ్డి నానుతుంది, రెండు మూడు రోజులు ఎండ కనిపించదు. జనవరిలో ఎండిన వరిగడ్డి మీద 17 డిగ్రీల రాత్రి, ఈ 21 డిగ్రీల రాత్రి కన్నా ఎంతో సుఖం.

జమ వైపు ప్రధానమైనది తిండి. గినీ పిగ్ పగలూ రాత్రీ కొంచెం కొంచెం తింటూనే ఉండే జంతువు. గడ్డిలోని పీచు దాని పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో పులుస్తుంది, పులిసేటప్పుడు వేడి పుడుతుంది. రాత్రి పదికి గడ్డి అయిపోతే పొయ్యి ఆరినట్టే, తెల్లవారుజామున చలి ముదిరే వేళకు కట్టె ఉండదు. రెండో జమ తోడు. రెండు మూడు కలిసి ఒకదానినొకటి ఆనుకుని పడుకుంటే గాలికి తగిలే చర్మం తగ్గుతుంది. ఒంటరి గినీ పిగ్‌కు చలి ఎక్కువనడం మాటవరసకు కాదు.

రేకు, సిమెంటు, మంచు, గోనెసంచి

మిద్దె మీద పడుకున్నవారికి తెలుసు, తెల్లవారేసరికి దుప్పటి తడుస్తుంది. మంచు కురిసిందంటాం. నిజానికి పైనుంచి ఏదీ కురవదు. మబ్బులేని రాత్రి ఆకాశం కింద తెరిచి ఉన్న ప్రతి వస్తువూ తన వేడిని పైకి వదిలేస్తుంది, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద నీటిచుక్కలుగా చేరుతుంది. "మంచులో తిరగకు" అన్న పెద్దల మాటలో ఈ భౌతికశాస్త్రమంతా ఉంది.

గూటి మీద ఇనుప రేకు వేస్తే ఇదే జరుగుతుంది. రాత్రి రేకు గాలికన్నా చల్లగా అవుతుంది. గూట్లోని జంతువుల ఊపిరి, మూత్రం నుంచి లేచిన తేమ రేకు లోపలి వైపు చెమ్మగా పట్టి చుక్కచుక్కగా వాటి మీదే పడుతుంది. వాన లేకుండానే గూడు తడుస్తుంది. రేకు కింద ఒక చెక్క పలకో, తాటాకో, మందపాటి అట్టో ఉంటే ఈ చెమ్మ పట్టదు. మన పాత కోళ్ల గూళ్ల మీద తాటాకు, బోదగడ్డి కప్పడంలో ఉన్న తెలివి ఇదే.

కింద సిమెంటు నేల మరో దొంగ. అది రాత్రంతా చల్లగా ఉండి ఆనుకున్న పొట్ట నుంచి వేడి లాగేస్తుంది. గినీ పిగ్ కాళ్లు పొట్టివి, పడుకుంటే పొట్ట నేలకు తగులుతుంది. గూటిని నాలుగు ఇటుకల మీద లేపి, లోపల పలక వేసి, దాని మీద అరచేతి మందాన ఎండిన వరిగడ్డి పరిస్తే వేడి పోయే దారి మూసినట్టవుతుంది. వరిగడ్డిలో తిండి సత్తువ తక్కువ, కానీ పరుపుగా దానికి సాటి లేదు. అది గొట్టాల్లా ఉండి లోపల గాలిని నిలుపుకుంటుంది, గినీ పిగ్ అందులో దూరి తనకు తానే బొరియ చేసుకుంటుంది. తినడానికి మాత్రం వేరే మంచి ఎండుగడ్డి కావాలి. వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండిన మొక్క) మన దగ్గర తేలిగ్గా దొరుకుతుంది, కానీ వానకు తడిసి ఆరిన కట్టెలో బూజు ఉంటుంది. ఆ బూజు విషం పశువులనే జబ్బు చేస్తుంది, కిలో జంతువు ఏం తట్టుకుంటుంది?

ఇప్పుడు దుకాణదారు చెప్పిన గోనెసంచి. గాలి కొట్టే వైపు కప్పితే మంచిదే. నాలుగు వైపులా, పైనా కప్పి, దాని మీద టార్పాలిన్ పట్ట కట్టి ఊపిరాడకుండా చేస్తే అది రెండో ప్రమాదం. గినీ పిగ్ మూత్రం నుంచి అమ్మోనియా వస్తుంది. మనం గూటి తలుపు తీసినప్పుడు ముక్కుకు ఘాటు తగిలిందంటే, నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో ఊపిరి పీల్చే జంతువుకు అది రాత్రంతా తగిలిందన్న మాట. ఆ ఘాటు ఊపిరి గొట్టాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, తరువాత వచ్చే సూక్ష్మక్రిములకు తలుపు తెరుస్తుంది. చలికి భయపడి గూడు బిగించిన ఇంట్లో న్యుమోనియా రావడం ఇలాగే. గాలి సూటిగా తగలకూడదు, కానీ పైభాగంలో గాలి ఆడాలి. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు.

కుంపటి పెట్టే ఆలోచన అసలు వద్దు. బొగ్గు కుంపటి మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. కోడిపిల్లలకు పెట్టినట్టు గూట్లో బల్బు వేలాడదీసే అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు. గినీ పిగ్ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అది వైరును కొరకకుండా ఉండలేదు. వేడినీళ్ల సీసాకు మందపాటి గుడ్డ చుట్టి ఒక మూల పెట్టడం వీటన్నిటికన్నా నయం. వేడి కావాలంటే దగ్గరికి వస్తుంది, వద్దంటే దూరం జరుగుతుంది.

మూడు ఇళ్లు, మూడు జవాబులు

తిరుపతిలో మూడో అంతస్తు ఇల్లు అనుకుందాం. బాల్కనీ పడమటి ముఖం, పైన స్లాబు, మూడు వైపులా గోడ. రెండు పెద్ద గినీ పిగ్‌లు. ఇక్కడ పైన స్లాబు ఉంది కాబట్టి ఆకాశానికి వేడి పోదు, మంచు పడదు, ఈశాన్యం గాలికి ఇల్లే అడ్డం. జనవరి రాత్రి 18 ఉన్నా గడ్డి నిండా ఉంటే వాటికి ఇబ్బంది లేదు. ఇంట్లోకి మార్చి, ఫ్యాను కింద, టీవీ శబ్దం మధ్య పెట్టడం కన్నా ఇదే మేలు కావచ్చు.

చిత్తూరులో మిద్దె మీద రేకు పాక. గూడు కొత్తది, ధర ఎక్కువ పెట్టి కొన్నది, అన్ని వైపులా ఇనుప జాలీ, అడుగు కూడా జాలీయే. చూడటానికి శుభ్రంగా ఉంటుంది. వేడి లెక్కలో మాత్రం ఇది మొదటి ఇంటికన్నా ఎంతో హీనం. అడుగు నుంచి గాలి, పక్కల నుంచి గాలి, పైన చెమ్మ కార్చే రేకు. ఇదే మిద్దె మీద మధ్యాహ్నం రెండింటికి రేకు కింద వేడి 30 దాటుతుంది. గినీ పిగ్‌కు చెమట పట్టదు. 26, 27 దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. తెల్లవారుజామున వణుకు, మధ్యాహ్నం ఉక్క, ఒకే రోజులో రెండూ. థర్మామీటరు ప్రకారం ఇక్కడ చలి మదనపల్లె కన్నా తక్కువే, అయినా నేనైతే ఈ మూడింటిలో ముందు ఖాళీ చేయించేది ఈ గూడునే.

మూడోది మదనపల్లె శివారులో పెరడు. గూడు చెక్కది, ఇటుకల మీద లేపి ఉంది, తాటాకు కప్పు, లోపల మూల గదిలాంటి పెట్టె, దాని నిండా వరిగడ్డి, నాలుగు జంతువులు. రాత్రి 12. ఆరోగ్యంగా ఉన్న పెద్దవి ఆ రాత్రిని గట్టెక్కుతాయి. కానీ వాటిలో ఒకటి చూలుతో ఉంటే? గినీ పిగ్ చూలు తొమ్మిది, పది వారాలు మోస్తుంది. ధనుర్మాసంలో ఈనేది ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో కట్టినదే. ఈనిన రాత్రి తడిసిన పిల్లలు, అలసిన తల్లి, 12 డిగ్రీలు. ఇక్కడ గూడు ఎంత బాగున్నా ఆ తల్లి ఇంట్లో ఉండవలసిందే. ముసలివి, బక్కచిక్కినవి, జబ్బు పడి లేచినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బొచ్చు లేని స్కిన్నీ పిగ్ రకం సంగతి వేరే చెప్పనక్కరలేదు, దానికి ఏ ఊళ్లోనూ చలికాలం బయట చోటు లేదు.

ఈ మూడు ఇళ్లకూ ఒక ప్రశ్న మిగిలే ఉంది: కాపలా. పిల్లి, వీధికుక్క, జెర్రిపోతు, పందికొక్కు, కొండ కింది వీధుల్లో కోతులు. పట్టుకోకపోయినా చాలు, జాలీ పక్కన పిల్లి రాత్రంతా తిరిగితే గినీ పిగ్ భయంతో తినడం మానేస్తుంది. తినడం మానితే వేడి జమ ఆగిపోతుంది. చలి లెక్కలో పిల్లికి కూడా ఒక పద్దు ఉంది.

లోపలా బయటా అన్న వాదంలో ఎవరి పక్షాన ఎంత బలం

బయట ఉంచేవారు చెప్పేది తేలికగా తీసిపారేయదగినది కాదు. వెలుతురు, పచ్చగరిక, ఆడే గాలి, కదలడానికి చోటు, ఇవి ఇంట్లోని చిన్న బోనులో దొరకవు. ఇరుకు గదిలో సాంబ్రాణి పొగ, దోమల చక్రం పొగ, పోపు ఘాటు అన్నీ ఆ చిన్న ఊపిరితిత్తుల్లోకే పోతాయి. క్రమంగా అలవాటు పడిన జంతువుకు చలికాలపు బొచ్చు కాస్త దట్టంగా వస్తుందన్నది కూడా సరైనదే. ఆ అలవాటుకు వారాలు పడుతుంది, ఒక రాత్రిలో రాదు. ఏసీ ఉన్న దుకాణం నుంచి డిసెంబరులో కొని తెచ్చి అదే రోజు మిద్దె మీద పెట్టిన జంతువు ఏ అలవాటూ పడి ఉండదు.

లోపల ఉంచాలనే వారి బలమైన వాదం వేరే చోట ఉంది. గినీ పిగ్ వేటకు గురయ్యే జంతువు, జబ్బును దాచుకుంటుంది. బయట ఉన్నదాన్ని రోజుకు రెండుసార్లు చూస్తాం, ఇంట్లో ఉన్నదాన్ని ఇరవై సార్లు చూస్తాం. తిండి తగ్గిందని మొదటి రోజే తెలియడానికీ మూడో రోజు తెలియడానికీ మధ్య తేడా ఒక ప్రాణం. ఉష్ణోగ్రత కన్నా ఈ కారణమే నన్ను ఎక్కువగా ఒప్పిస్తుంది. పగలు పెరట్లో, రాత్రి వసారాలోనో వంటింటి మూలనో అన్న మధ్యేమార్గం చాలా ఇళ్లకు కుదురుతుంది. కానీ ఒక జాగ్రత్త ఉంది. వెచ్చటి గదికీ చల్లటి పెరటికీ మధ్య పదే పదే తిప్పడం మంచిది కాదు. రోజుకు ఒకసారి, ఎండ ఎక్కాక బయటికి, పొద్దు వాలకముందే లోపలికి అన్నట్టు ఉంటే ఆ కుదుపు తగ్గుతుంది.

జలుబు అనుకున్నది జలుబు కాకపోవచ్చు

చలి నేరుగా న్యుమోనియా తేదు, ఒంటిని నీరసపరచి క్రిములకు చోటిస్తుంది. వాటిలో ముఖ్యమైనది బోర్డెటెల్లా అనే బాక్టీరియా. కుందేళ్లు, కుక్కలు ఏ జబ్బూ కనిపించకుండానే దాన్ని మోస్తుంటాయి. గినీ పిగ్‌కు తగిలితే ప్రాణం తీయగలదు. కుందేలుతో ఒకే గూట్లో పెంచవద్దనడానికి ఇది పెద్ద కారణం. వెచ్చదనం కోసం కుందేలును తోడు పెడితే వేడితో పాటు జబ్బు కూడా ఇచ్చినట్టవుతుంది.

రెండో చిక్కు విటమిన్ సి. మనలాగే గినీ పిగ్ కూడా దీన్ని ఒంట్లో తయారు చేసుకోలేదు, రోజూ తిండిలో రావాలి. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, ఒత్తిడిలో ఉన్నప్పుడు, జబ్బులో ఉన్నప్పుడు ఎక్కువ వైపు. లోపిస్తే కీళ్లు నొప్పి పెట్టి, కదలక, ముడుచుకుని కూర్చుంటుంది. చూసినవారు చలికి ముడుచుకుంది అనుకుని దుప్పటి కప్పుతారు. వంద గ్రాముల జామకాయలో దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి పది గ్రాముల ముక్క ఆ రోజు అవసరాన్ని చాలావరకు తీరుస్తుంది. తీపి ఉంటుంది కనుక అంతకు మించి అక్కరలేదు. కార్తీకంలో దొరికే ఉసిరిలో ఇంకా ఎక్కువ ఉంటుంది, పులుపుకు మొహం తిప్పుకోని జంతువుకు గోరంత ముక్క చాలు. క్యాప్సికం ముక్క అన్నిటికన్నా తేలిక, దాదాపు అన్నీ ఇష్టంగా తింటాయి.

బొచ్చు నిక్కబొడుచుకుని ఉండటం, కళ్ల చుట్టూ పక్కు కట్టడం, ముక్కు కారడం, ఊపిరిలో టిక్కుటిక్కుమనే చప్పుడు, గడ్డి ముట్టకపోవడం, ఇవి ఊపిరితిత్తుల జబ్బు గుర్తులు. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే దాని పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు రేపటిదాకా ఆగే వ్యవధి లేదు. వంటింటి త్రాసు మీద వారానికొకసారి తూచి రాసుకునే ఇళ్లలో జబ్బు బయటపడకముందే బరువు తగ్గడం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఇంట్లో పిల్లల జలుబుకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్పు రెండు చుక్కలు వేయడం గినీ పిగ్‌కు విషంతో సమానం. పెన్సిలిన్ కుటుంబపు మందులు నోటి ద్వారా ఇస్తే దాని పేగుల్లోని మంచి బాక్టీరియా నశించి, చెడ్డవి విజృంభించి, కొద్ది రోజుల్లో చనిపోతుంది. మనకు సురక్షితమైనది కాబట్టి దానికీ సురక్షితమనుకున్న ప్రేమే ఇక్కడ చంపుతుంది. గినీ పిగ్‌కు వాడదగిన యాంటీబయాటిక్‌లు వేరే ఉన్నాయి, వాటిని బరువును బట్టి లెక్క కట్టి పశువైద్యులే ఇవ్వాలి. తిరుపతి వారికి ఈ విషయంలో ఒక వసతి ఉంది. 1955 నుంచి ఇక్కడ పశువైద్య కళాశాల నడుస్తోంది, 2005లో దాన్ని కలుపుకుని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది, కళాశాలకు ఆసుపత్రి ఉంది. ఆవులకూ కుక్కలకూ మాత్రమే వెళ్లాలన్న మొహమాటం అక్కరలేదు.

చలి దాటాక అదే గూడు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. చలికి చేసిన ఏర్పాట్లన్నీ ఆ తరువాత ఎదురు తిరుగుతాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వంగి ఉంటాడు కాబట్టి దక్షిణపు గోడకు ఆనించిన గూటికి ఉదయపు ఎండ చక్కగా తగిలి ఉంటుంది, ఈశాన్యపు గాలి తగిలి ఉండదు. మార్చి మొదటికల్లా అదే చోటు మధ్యాహ్నం పొయ్యిలా కాలుతుంది. వేడిని పట్టి ఉంచిన మందపాటి వరిగడ్డి పరుపు పలచబడాలి, గాలికి కట్టిన గోనెపట్టాలు విప్పాలి, గూడు రోజంతా నీడ ఉండే చోటికి చేరాలి. తిరుపతి ఎండకు మిద్దె మీద గూడు ఏ వైపున ఉన్నా పనికిరాదు, జంతువులు కిందికి దిగాల్సిందే.